మూడు పాయింట్లు, ఒక అత్తగారు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. కడిగి బోర్లించిన పళ్లెంలా ఒకే రంగులో, ఒకే మందంలో మబ్బు ఊరి మీద మూతపడి ఉంది. గాలి లేదు. దండెం మీద నిన్న ఆరేసిన బట్టలు నిన్నటి తడితోనే వేలాడుతున్నాయి. పాస్టరు కిటికీ దగ్గర నిలబడి వాన వస్తుందా రాదా అని చూశాడు. వస్తే జనం తగ్గుతారు, రాకపోతే నిండుతారు. ఏది కావాలో తనకే తేలలేదు. కాసేపటికి కిటికీ మూసి చొక్కా వేసుకున్నాడు.

ఆయన అత్తగారు పోయి మూడు వారాలైంది. సమాధి కార్యక్రమం జరిపించింది ఆయనే. వాక్యం చదివింది, పిడికెడు మన్ను వేసింది, వచ్చినవాళ్ల చేతులు పట్టుకుని ఓదార్చింది కూడా ఆయనే. చెయ్యి తిరిగిన పనులు కాబట్టి చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. తరవాత రెండు ఆదివారాలు సంఘపెద్ద, అంటే వీధి చివర టైలరు, "మీరు ఇంటిపట్టున ఉండండి అయ్యగారూ" అని తనే లేచి ఏదో చదివి ఆరాధన గట్టెక్కించాడు. ఇవాళ మళ్లీ ఆయనే ఎక్కాలి. ఎక్కడానికి భయం లేదు. ఏడుపు కూడా లేదు. పన్ను పీకే ముందు సూదిమందు వేస్తే చెంప ఎలా ఉంటుందో ఒళ్లంతా అలా ఉంది. ముట్టుకుంటే తగులుతుంది గాని తనదనిపించదు.

ఆ మందిరంలో పదిహేడేళ్లుగా ప్రసంగానికి ఒకటే కొలత. మూడు పాయింట్లు, ఒక అత్తగారు. మొదటి పాయింటుకి జనం నిటారుగా కూర్చుంటారు. రెండో పాయింటుకి వెనక బల్లల వాళ్ల తలలు వాలడం మొదలవుతుంది. సరిగ్గా అక్కడ అత్తగారు రావాలి. నోట్సు అంచున ఎర్ర పెన్సిలుతో ఒక సున్నా చుట్టుకునేవాడు. సున్నా కనబడగానే అత్తగారిని దింపాలి, తరవాత ఆగాలి, సంఘం నవ్వాలి. నవ్వు సద్దుమణిగాక మూడో పాయింటు ఎత్తుకుంటే ఆమేన్ దాకా ఎవరూ కునికేవారు కాదు.

మిగతా పాస్టర్లు పిల్లల మీద చెప్పుకుంటారు. మా బుడ్డోడు ఇలా అడిగాడు, మా పాప అలా అంది అని. ఈయనకు పిల్లలు లేరు. భార్య మీద చెబితే ఇంట్లో తిండి పుట్టదు. మామగారు వడ్రంగం మానేసి వెనక గదిలో ఉంటాడు. వారానికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి, ఏ కథకూ అక్కరకు రాడు. ఇక ఆ ఇంట్లో ప్రసంగానికి దొరికే సరుకు అత్తగారొక్కతే.

అందులో పేరుపడ్డవి కొన్ని ఉన్నాయి. వంటింటి కుళాయి కారుతుంటే అల్లుణ్ణి అడగడానికి మొహమాటపడి, ఆమె అతనికి వినబడేలా కళ్లు మూసుకుని ప్రార్థన చేసిందట. "ప్రభువా, కుళాయి కారుతున్న సంగతి నీకు తెలుసు. దయచేసి మా అల్లుడుగారికి కూడా తెలియజెయ్యి." ఇది చెప్పిన రోజు మందిరం కప్పు ఎగిరిపోయినంత పనైంది. ఇంటి కప్పుకి అల్లుడు స్వయంగా మరమ్మతు చేశాడని, అత్తగారు ఆనాటి నుంచి గొడుగు వేసుకుని పడుకుంటోందని మరొకటి. వీటికి ఆయన గొంతు మార్చేవాడు. కాస్త ముక్కుతో, కాస్త సాగదీసి, చివర చిన్న దగ్గు పెట్టి. ఆ గొంతు వినబడితే చాలు, మాట రాకముందే నవ్వు వచ్చేది. రెండో బల్ల మీద కూర్చున్న అత్తగారు అందరూ నవ్వడం మొదలుపెట్టాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆమె కూడా నవ్వుతోందనే ఆయన లెక్క.

సమాధి దగ్గర కూడా అవే నడిచాయి. జనం గుంపులు గుంపులుగా నిలబడి కుళాయి ప్రార్థన ఒకరికొకరు చెప్పుకుని, నవ్వి, కళ్లు తుడుచుకున్నారు. "ఎంత సరదా మనిషండీ" అన్నారు. పాస్టరు తల ఊపాడు. భార్య ఊపలేదు.

తొమ్మిదోనాడు ఆమె వంటింట్లో గిన్నెలు తోముతూ అడిగింది.

"ఒక్క మాట. కాదనకండి."

"అడుగు."

"ఇక మీద అమ్మని ప్రసంగంలోకి ఎక్కించకండి."

"జనం ఆమెని ఎంత ప్రేమగా తలుచుకుంటున్నారో చూశావు కదే."

"ఎవరిని? ఆ కుళాయి కారితే మా అమ్మ గుడ్డపేలిక చుట్టి, దారం బిగించి, తనే ఆపింది. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఆ ప్రార్థన మీరు కట్టిందే. పోయింది మా అమ్మండీ. మీ అత్తగారు నిక్షేపంలా ఉంది. ఊరంతా తిరుగుతోంది."

"సరదాకి చెప్పాను. నలుగురూ నవ్వుకుంటారని."

"నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా. మీకు చేటు రాలేదు. అమ్మకొచ్చింది."

ఆయన చెయ్యి తుడుచుకునే గుడ్డ అందుకున్నాడు, మళ్లీ మేకుకి తగిలించాడు. "ఇక తేను" అన్నాడు. "మాట."

ఆ మాట ఇచ్చిన రోజే ఆయనకు ఇంకో సంగతి తెలిసింది. అత్తగారి కోసం ఏడవాలని కూర్చుంటే గొడుగు కిందున్న ముసలమ్మ కనబడుతుంది. ఆ గొడుగు ఆమె ఎన్నడూ పట్టలేదు. కళ్లు మూసుకుంటే కుళాయి ప్రార్థన వినబడుతుంది. ఆ ప్రార్థన ఆమె ఎన్నడూ చెయ్యలేదు. పదిహేడేళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషి ఏ చేత్తో తల దువ్వుకునేదో చెప్పమంటే ఆయన నోట వెలక్కాయ పడినట్టవుతుంది.

భార్య కూడా ఏడవలేదు. ఇద్దరు మగవాళ్లకూ వడ్డించేది, వాళ్లు లేచాక వంటింట్లో నిలబడి రెండు ముద్దలు తినేది. పిలిస్తే "మీరు కానివ్వండి" అనేది. ఈ ఇంట్లో ఆమె మళ్లీ తనకు ఎదురుగా కూర్చోవాలంటే, ఇచ్చిన మాట ఒక్కటే తాడు. అది తెగకుండా చూసుకుంటే చాలనుకున్నాడు.

శనివారం కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే తేదీ తప్ప ఏమీ పడలేదు. రేకుపెట్టె తెరిచాడు. పాత ప్రసంగాలు ఏడాదికొక కట్టగా దారం కట్టి ఉన్నాయి. పాతది మళ్లీ చెప్పడం ఏ పాస్టరూ పైకి ఒప్పుకోడు, చెయ్యని పాస్టరూ లేడు. ఏడేళ్లు దాటితే సంఘానికి గుర్తుండదని ఒక లెక్క. ఆయన అట్టడుగు కట్ట లాగి, ఓర్పు మీద ఒకటి ఎంచుకున్నాడు. రెండు సున్నాలున్నాయి. రెండింటినీ నల్ల సిరాతో అడ్డంగా కొట్టేశాడు, వాటి కింది వాక్యాలు కూడా. ఇంకోసారి అంచు వెంబడి వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాడు. సున్నాలు లేవు. లోపలికి చదవలేదు. తను రాసిందే కదా.

ఆయన మరిచిపోయింది ఒకటుంది. ఆ కట్ట మరీ పాతది. సున్నా చుట్టే అలవాటు మొదలైన మొదటి నెలల్లోది. అప్పట్లో అన్నీ అంచున పెట్టేవాడు కాదు. కొన్ని మాటలతో పాటే వరసలో రాసుకునేవాడు.

మందిరం గుమ్మంలో టైలరు ఎదురొచ్చాడు, మెడలో కొలత టేపు అలాగే ఉంది.

"వందనాలయ్యగారూ. రాక రాక వచ్చారు. రెండు వారాలు నేను చదివితే మనవాళ్లు ఆవలించి ఆవలించి గదిలో గాలంతా పీల్చేశారు. మూడో వారం కూడా నేనే అయితే కిటికీలు ఇంకో రెండు కొట్టించాల్సి వచ్చేది."

"టేపు తియ్యవయ్యా" అన్నాడు పాస్టరు.

"అయ్యో, చూసుకోలేదండి. అందుకేనా పొద్దున్నుంచీ అందరూ పొట్టలు లోపలికి లాక్కుంటున్నారు!"

ఆ వెనకే గంటమ్మ వచ్చింది. నవ్విందంటే గంట కొట్టినట్టు ఒక్కటే మోత అని ఆ పేరు. "అయ్యగారూ, నవ్వి కాదు, నవ్వక నా దవడలు పట్టేశాయి. ఇవాళైనా కాస్త..." అని, పక్కన పాస్టరమ్మని చూసి మాట మింగేసింది. పాస్టరమ్మ ఆమెకు వందనం చెప్పి వెళ్లి రెండో బల్ల మీద కూర్చుంది. పక్క చోటు ఖాళీ. ఎవరూ కూర్చోలేదు. మామగారు ఎప్పటిలాగే ఆఖరి బల్లమీద, తలుపు పక్కన.

పాటలయ్యాయి. పాస్టరు ఎక్కి కాగితాలు సర్దుకున్నాడు. మొదటి పాయింటు బాగానే నడిచింది. గొంతు పలుకుతోంది, చెయ్యి లేవాల్సినచోట లేస్తోంది. తను ఎక్కడో పక్కన నిలబడి, వేరే ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టుంది. కొట్టేసిన వాక్యాలు దాటేశాడు. రెండో పాయింటు మొదలైంది. కళ్లు వరస వెంబడి పోతున్నాయి, నోరు కళ్ల వెంబడి.

"ఓర్పు ప్రసంగం చెప్పేవాడికి కాదు, వినేవాడికి కావాలి. నిన్న పొద్దున మా అత్తగారు నన్ను పిలిచి, అల్లుడూ, రేపు ప్రసంగం ఎంతసేపు అంది. ముప్పావు గంట అన్నాను. అయితే పొయ్యి మీద కూర పెట్టి వస్తాను, మాడిన వాసన వస్తే ముగించెయ్ అంది."

గొంతు మారింది. కాస్త ముక్కుతో, కాస్త సాగదీసి. చివర దగ్గు కూడా పడింది. ఆ తరవాత అలవాటు చొప్పున ఆగాడు.

ఆగినచోట నవ్వు రావాలి. ఖంగుమని ఒక్కటి వచ్చింది. గంటమ్మది. సగంలోనే ఆమె చేత్తో నోరు నొక్కేసుకుంది. ఇక ఏమీ లేదు. నూటిరవైమంది కూర్చున్న గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు వినబడింది. నవ్వెందుకు రాలేదో ఆయనకు వెంటనే తెలియలేదు. చెప్పడం చెడిందేమో అనుకున్నాడు. తరవాత కాగితం చూశాడు, ఎర్రసున్నా లేదు. రెండో బల్ల చూశాడు.

భార్య లేచింది. విసురుగా కాదు. సంచి భుజానికి తగిలించుకుని, బల్ల చివరి మనిషి మోకాళ్లు జరిపేదాకా ఆగి, మధ్యదారిలో నడిచి వెళ్లిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది.

పాస్టరు మూడో పాయింటు చెప్పాడు. ముగింపు ప్రార్థన చేశాడు. అందరూ ఆమేన్ అన్నారు. బయటికి వస్తూ ఆయన చెయ్యి పట్టుకున్నవాళ్లు ఒక్కరూ ఆయన మొహంలోకి చూడలేదు. టైలరు మాత్రం భుజం మీద చెయ్యి వేసి, "పొరపాటు మనిషికి రాక మానుకొస్తుందా అయ్యగారూ" అన్నాడు. ఆ టైలరు కూడా ఇవాళ ఇంకేం జోక్ వెయ్యలేదు.

మామగారూ ఆయనా ఇంటికి నడిచారు. పది నిమిషాల దారి. మామగారు ఒక్క మాట మాట్లాడలేదు, కాని అది ఆయనకు రోజూ ఉన్నదే కాబట్టి అందులో కోపం ఎంతో చెప్పడం కష్టం.

ఇంట్లో భార్య బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పాస్టరు గుమ్మంలోనే నిలబడ్డాడు. మామగారు ఆయన్ని దాటుకుని వెళ్లి పెరటి గుమ్మం దగ్గర చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

"మాట తప్పాను" అన్నాడు పాస్టరు.

"తప్పారు."

"కావాలని కాదు. సున్నాలు కొట్టేశాను. ఇది సున్నా లేనిది. వరసలో ఉంటే చదువుకుపోయాను."

"తెలుసు. మీరు చదివేటప్పుడు మొహం చూశాను. గోడ చదివినా అలాగే చదువుతారు." కత్తి ఆగలేదు. "నిన్న పొద్దున అన్నారు. నిన్న పొద్దున ఎక్కడుందండీ అమ్మ?"

ఆమె తరిగిన ముక్కలు ఒక పక్కకు తోసి ఇంకో ఉల్లిపాయ తీసుకుంది.

"అది నిజమేనా?"

"ఏది?"

"మాడితే ముగించెయ్ అన్నది. పాత కట్టలోది కదా. కొత్తల్లో కాబట్టి ఇంకా కల్పించి చెప్పడం అలవాటైందో లేదో. అదైనా అందా అమ్మ?"

అప్పుడు ఆయనకు అర్థమైంది, ఆమె పోట్లాడడం లేదు. ఒక్కటి అడుగుతోంది. ఇన్నింటిలో ఒక్కటైనా నిజమైతే దాన్ని ఉంచుకుంటానంటోంది. "అంది" అంటే చాలు. ఒక్క మాట. పదిహేడేళ్లుగా ఇంతకంటే పెద్దవి అవలీలగా అన్న నోరే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది కూడా.

"తెలియదు" అన్నాడు. "గుర్తు లేదు. అన్నదేమోనని వెతికాను, దారంతా వెతుక్కుంటూ వచ్చాను. ఆమె ఏమందో నాకు గుర్తు లేదు. నేను చెప్పినవే గుర్తున్నాయి."

భార్య కత్తి కింద పెట్టింది.

"నాకూ అంతే" అంది. గొంతులో ఏమీ లేదు. ధర చెప్పినట్టు చెప్పింది. "పడుకున్నాక అమ్మ గొంతు తలుచుకుందామని చూస్తాను. ముక్కుతో, సాగదీసి, చివర దగ్గుతో వస్తుంది. మీ గొంతు. అమ్మకి ఆ దగ్గు లేదని తెలుసు. అసలుది ఎలా ఉండేదో తెలియడం లేదు."

అన్నం పొంగి మూత పక్కకు జరిగింది. ఎవరూ కదల్లేదు. నీళ్లు పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి.

"అనలేదు."

ఇద్దరూ తిరిగి చూశారు. మామగారు పెరటి గుమ్మంలో నిలబడి తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటున్నాడు.

"ఏం నాన్నా?"

"ఆ మాట మీ అమ్మ అనలేదు. పొయ్యి మీద ఏదీ వదిలి ఆమె గుమ్మం దాటలేదు. దించేది. మూత పెట్టేది. మూత మీద బరువుకి నీళ్ల చెంబు పెట్టేది. తలుపు గడియ వేసి, పడిందో లేదో ఒకసారి లాగేది. నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చి లాగేది." వచ్చి పొయ్యి తగ్గించాడు. మూత సరిచేశాడు. "మీరిద్దరూ అప్పటికే ముందుకెళ్లిపోయేవాళ్లు."

ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం వాళ్లిద్దరూ ఎప్పుడూ వినలేదు.

"ఇంకా?" అంది ఆమె.

మామగారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెక్క మీద గీత పెట్టబోయే ముందు చూసినట్టు బల్ల వంక చూశాడు.

"కుడి మోకాలు నొప్పి. మందిరం మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకునేది. లోపల్లోపల లెక్క పెట్టుకునేది, పెదాలు కదిలేవి. ఒకటి, రెండు. అయిదు మెట్లు కదా. నాలుగో మెట్టు మీద చెయ్యి వదిలేసేది. ఆఖరిది ఒక్కతే దిగేది. కింద జనం ఉంటారని."

"మోకాలు నొప్పని నాకు చెప్పలేదే."

"చెప్పలేదు."

"నువ్వైనా చెప్పలేదే నాన్నా."

"అడగలేదమ్మా."

అయిదు మెట్లు. అయిదు రొట్టెలు. పాస్టరు తలలో ఆ రెండూ వాటంతటవే ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. అయిదు రొట్టెలతో అంతమందిని మేపిన ప్రభువు మా అత్తగారి అయిదు మెట్లకు మాత్రం... అక్కడికి ముందు మాట సిద్ధమైంది, వెనక దగ్గు సిద్ధమైంది, నవ్వాల్సిన చోటు కూడా కనబడింది. చక్కగా ఉంది. ఈ మధ్య ఇంత చక్కటిది తట్టలేదు. ఎంత అలవాటైన పని అంటే, నోరు సగం తెరుచుకుంది కూడా.

భార్య ఆయన నోటి వంకే చూస్తోంది.

ఆయన నోరు మూసుకున్నాడు. వెళ్లి అరలోంచి పళ్లేలు తీశాడు. రెండు తీసి ఒక్క క్షణం ఆగి, మూడోది తీసి బల్ల మీద పెట్టాడు, ఆమె ముందు.

ఆమె దాని వంక కాసేపు చూసింది. ఉల్లిపాయలు అలాగే పచ్చివి వదిలేసి, అన్నం దించి, పొద్దుటి కూరే తెచ్చింది. ముగ్గురికీ వడ్డించింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

భోజనానికి ముందు ప్రార్థన పాస్టరుది. ఆయన తల వంచాడు. వాళ్లూ వంచారు. మాటలేవీ రాలేదు. వస్తాయేమోనని ముగ్గురూ కాసేపు చూశారు. తరవాత మామగారు అన్నం కలుపుకున్నాడు, వాళ్లూ కలుపుకున్నారు.

బయట మబ్బు అలాగే ఉంది. గదిలో పళ్లేల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకసారి భార్య కూరగిన్నె తండ్రి వైపు జరిపింది. ఒకసారి ఆయన దాన్ని అల్లుడి వైపు జరిపాడు. మామగారు నెమ్మదిగా తింటాడు, ఒక్కో ముద్దా నమిలి నమిలి. ఆయన ముగించేదాకా ఇద్దరూ ఎంగిలిచేతులు ఆరిపోతున్నా లేవకుండా కూర్చున్నారు.